కక్ష్యలో లైకా, ఒడ్డున మనం

కృష్ణపట్నం ఒడ్డున నిలబడి రాకెట్ చూడాలంటే ముఖం దక్షిణానికి తిప్పుకోవాలి. తిన్నగా కొలిస్తే శ్రీహరికోట ఇక్కడికి సుమారు 60 కిలోమీటర్లు. 2024 డిసెంబరు 30 రాత్రి పది గంటలకు పీఎస్‌ఎల్‌వీ-సీ60 లేచింది. ముందు సముద్రం అంచు ఎర్రబారింది. ఆ ఎరుపులోంచి ఒక నిప్పుకణిక పైకి ఎగబాకి, నీళ్ళ మీదికి ఒరిగి, చిన్నదై, చుక్కల్లో కలిసిపోయింది. చూడ్డానికి వచ్చినవాళ్ళు ఫోన్లు జేబుల్లో పెట్టుకుని ఇళ్ళకు మళ్ళారు. ఫైబర్ బోటు పక్కన వల సర్దుకుంటున్న ఒక పెద్దాయన మాత్రం కదల్లేదు. ఉత్తరం వైపు వేటకు పోయిన కొడుకు ఇంకా రావాల్సి ఉంది. "పొయ్యేదాన్ని అందరూ చూస్తారబ్బయ్యా. వొచ్చేదాని కోసం కాసుకోనుండేవాడే మనోడు" అన్నాడు.

ఆ వారమంతా నేను చదువుతున్న పుస్తకానికి ఇంతకంటే సరైన ముందుమాట ఎవరూ రాయలేరనిపించింది. ఆ పుస్తకం పేరు 'లైకా'. నిక్ అబాడ్జిస్ రాసి, బొమ్మలు గీసిన గ్రాఫిక్ నవల. 1957లో సోవియట్ యూనియన్ భూమి చుట్టూ తిప్పిన కుక్క కథ. వెళ్ళేటప్పుడు ప్రపంచమంతా చూసింది. తిరిగి రావడానికి ఏర్పాటే లేదు.

ఈ వ్యాసం ఆ ఒక్క పుస్తకంతో ఆగేది కాదు. నోరులేని జీవిని ఆకాశానికి పంపే హక్కు మనిషికి ఎక్కడిది? పంపి ఏం తెలుసుకున్నాడు? ఆ కథను పిల్లలకు, పెద్దలకు ఎలా చెప్పాడు? మన శ్రీహరికోట మనుషుల్ని పంపడానికి సిద్ధమవుతున్న ఈ రోజుల్లో, ఈ ప్రశ్న మాస్కోదో ఫ్లారిడాదో కాదు. మన తీరానిది కూడా.

బొమ్మల్లో ఒక చావు

'లైకా' 2007లో అమెరికాలో ఫస్ట్ సెకండ్ సంస్థ నుంచి వచ్చింది. ఆ మరుసటి ఏడాది కౌమార పాఠకుల విభాగంలో ఐస్నర్ అవార్డు అందుకుంది. బొమ్మల కథల ప్రపంచంలో అతి పెద్ద గుర్తింపుల్లో అది ఒకటి. అబాడ్జిస్‌ను ఈ పనికి పురికొల్పింది 2002లో బయటపడ్డ ఒక నిజం. లైకా కక్ష్యలో రోజుల తరబడి హాయిగా బతికి, నొప్పి లేకుండా కన్నుమూసిందని సోవియట్ ప్రభుత్వం నాలుగు దశాబ్దాలకు పైగా ప్రపంచాన్ని నమ్మించింది. 2002 అక్టోబరులో హ్యూస్టన్‌లో జరిగిన అంతరిక్ష మహాసభలో దిమిత్రి మలాషెంకోవ్ అనే రష్యన్ శాస్త్రవేత్త అసలు సంగతి చెప్పాడు. ప్రయోగమైన కొన్ని గంటలకే, పెట్టెలో పెరిగిపోయిన వేడికి, బెదురుకు లైకా చనిపోయింది.

ఈ నిజం తెలిశాక ఎవరైనా కుక్కతోనే కథ మొదలుపెడతారు. అబాడ్జిస్ అలా చెయ్యలేదు. మంచులో ఒంటరిగా నడుస్తున్న ఒక ఖైదీతో మొదలుపెట్టాడు. ఆయన సెర్గీ కొరొల్యోవ్. స్టాలిన్ కాలంలో 1938లో అరెస్టయి, కోలిమా గనుల్లో పళ్ళూడి, చావు అంచు దాకా వెళ్ళి వచ్చిన ఇంజనీరు. తర్వాత ఆయనే సోవియట్ రాకెట్ల ప్రధాన రూపకర్త అయ్యాడు. 1966లో ఆయన చనిపోయేదాకా దేశం ఆయన పేరు బయటికి చెప్పలేదు. రాకెట్ కట్టినవాడి పేరు ప్రపంచంలో ఎవరికీ తెలియదు, అందులో చచ్చిపోయిన కుక్క పేరు ప్రతి పత్రికలోనూ ఉంది. ఈ రెండు బతుకుల్నీ ఎదురెదురుగా నిలబెట్టడమే ఈ నవల చేసిన పెద్ద పని. బోనులో ఉండివచ్చిన మనిషి ఇంకొక ప్రాణిని బోనులో ఎలా పెట్టగలిగాడు? అబాడ్జిస్ ఆయన్ని రాక్షసుణ్ణి చెయ్యలేదు. తొందరపెట్టే రాజ్యం, దాని కింద భయం, ఆ భయం కింద ఆశయం, అన్నిటికంటే అడుగున ఒక కుక్క. ఈ బరువంతా ఒకదాని మీద ఒకటి ఎలా పడిందో గడి గడికీ చూపించాడు.

కుక్క వైపు కథను మోసేది యెలీనా దుబ్రోవ్‌స్కీ అనే శిక్షకురాలు. ఆమె కల్పిత పాత్ర. చుట్టూ ఉన్న ఒలెగ్ గజెంకో, వ్లాదిమిర్ యజ్దోవ్‌స్కీ మాత్రం నిజంగా ఆ పనిచేసిన శాస్త్రవేత్తలు. కుక్కకు మొదట 'కుద్ర్యావ్కా' అని పేరు. ఉంగరాల జుట్టుది అని అర్థం. ఎవరికీ అక్కర్లేని కూనగా పుట్టి, చేతులు మారి, వీధిన పడి, కుక్కల్ని పట్టేవాళ్ళకు చిక్కిన గతాన్ని రచయిత దానికి ఊహించి ఇచ్చాడు.

ఇక్కడే నాకొక పేచీ ఉంది. ఆ ఊహించిన గతం చదివితే గుండె కరుగుతుంది, నిజమే. కానీ బాధపడిన గతం ఉంది కాబట్టి లైకా మీద జాలిపడాలా? ఏ కథా లేని, ఊరూ పేరూ లేని వీధికుక్క అయితే ఆ పెట్టెలో పెట్టడం తక్కువ తప్పా? ముద్దొచ్చే జీవి మీదే ప్రేమ పుట్టించడం బొమ్మల కథకు చాలా తేలిక. అబాడ్జిస్ ఆ తేలిక దారిలో కొంతదూరం నడిచాడు. చివరి భాగంలో మాత్రం ఆ దారి వదిలేశాడు. పెట్టె మూసుకున్నాక పేజీల్లో మాటలు తగ్గుతాయి, గడులు ఇరుకవుతాయి. ఆ ఇరుకు చూసేవాడి ఒంటికి తగులుతుంది. ఒక చావును కీర్తించకుండా, కన్నీటి కోసం సాగదియ్యకుండా చెప్పడం ఎలాగో ఆ పేజీలు నేర్పుతాయి.

అదే 2007లో జేమ్స్ వైనింగ్ గీసిన 'ఫస్ట్ ఇన్ స్పేస్' కూడా వచ్చింది. 1961 జనవరి 31న అమెరికా పంపిన హామ్ అనే చింపాంజీ కథ అది. హామ్ బతికి తిరిగొచ్చింది, 1983 దాకా జీవించింది. రెండు పుస్తకాలనూ పక్కపక్కన పెట్టి చదివితే ఒక సంగతి అర్థమవుతుంది. తిరిగొచ్చిన జీవి కథను సాహసంగా చెప్పవచ్చు. తిరిగిరాని జీవి కథను సాహసంగా చెబితే అబద్ధమైపోతుంది.

పంపిన వరుస

ఈ వరుసలో మొదటివి ఈగలు. 1947 ఫిబ్రవరి 20న అమెరికా శాస్త్రవేత్తలు, జర్మనీ నుంచి పట్టుకొచ్చిన వీ-2 రాకెట్‌లో పండ్ల మీద ముసిరే చిన్న ఈగల్ని 109 కిలోమీటర్ల ఎత్తుకు పంపారు. అవి ప్రాణాలతో దిగాయి. తర్వాత కోతుల వంతు. 1949 జూన్ 14న ఆల్బర్ట్-2 అనే కోతి 134 కిలోమీటర్ల దాకా వెళ్ళింది. పారాచూట్ పనిచెయ్యక నేలకు గుద్దుకుని చనిపోయింది. ఆ పేరు పెట్టుకున్న కోతులు ఒకదాని వెనక ఒకటి పోయాయి. ఆ రాకెట్లు పైకి ఎక్కడం నేర్చుకున్నంత త్వరగా కిందికి దిగడం నేర్చుకోలేదు.

సోవియట్ వాళ్ళు కుక్కల్ని ఎంచుకున్నారు. వాటిలోనూ మాస్కో వీధికుక్కల్ని. చలికి, ఆకలికి తట్టుకునే బలం వాటికి ముందే వచ్చి ఉంటుందన్నది వాళ్ళ లెక్క. 1951 జులై 22న దెజిక్, త్సిగాన్ అనే రెండు కుక్కలు నిట్టనిలువుగా పైకి వెళ్ళి క్షేమంగా దిగాయి. అంటే లైకా కంటే ఆరేళ్ళ ముందే వాళ్ళకు కుక్కను పైకి పంపి వెనక్కి తెచ్చుకోవడం తెలుసు. తెలియనిదల్లా కక్ష్యలో తిరిగే వస్తువును దించడం.

1957 అక్టోబరు 4న స్పుత్నిక్-1 ఎగిరింది. ప్రపంచం నివ్వెరపోయింది. నవంబరు 7 అక్టోబరు విప్లవానికి నలభయ్యో పండుగ. ఆ పండుగకు ఇంకొక అద్భుతం కావాలని క్రుశ్చేవ్ కోరాడు. నెల కూడా లేని గడువులో స్పుత్నిక్-2 తయారైంది. దించే ఏర్పాటు చెయ్యడానికి సమయం లేదు, చెయ్యాలన్న ఆలోచనా లేదు. ఆల్బినా, ముష్కా, లైకా అనే మూడింటిని రోజుల తరబడి, రోజురోజుకూ చిన్నవయ్యే బోనుల్లో ఉంచి అలవాటు చేశారు. నిలబడ్డానికి, పడుకోడానికి చోటుంటుంది, వెనక్కి తిరగడానికి ఉండదు. ప్రయోగానికి ముందు యజ్దోవ్‌స్కీ లైకాను తన ఇంటికి తీసుకెళ్ళి పిల్లలతో ఆడుకోనిచ్చాడు. చావబోతుందని తెలిసి చేసిన పని అది. అక్టోబరు 31న దాన్ని పెట్టెలో పెట్టారు. మూడు రోజులు చలిలో, గొట్టం ద్వారా వెచ్చటి గాలి అందిస్తూ ఉంచారు. నవంబరు 3న రాకెట్ లేచింది. గుండె నిమిషానికి 103 సార్లు కొట్టుకునేది 240కి పెరిగింది. బరువులేని స్థితికి చేరాక అది మళ్ళీ నెమ్మదించడానికి, నేల మీద జరిపిన పరీక్షల్లో పట్టిన దానికి మూడింతలు సమయం పట్టింది. పెట్టెలో వేడి 40 డిగ్రీలు దాటింది. కొన్ని గంటల తర్వాత సంకేతాల్లో ప్రాణం ఆనవాలు లేదు. ఆ పెట్టె మాత్రం భూమి చుట్టూ 2,570 సార్లు తిరిగి, 1958 ఏప్రిల్ 14న గాలిలో కాలిపోయింది.

1960 ఆగస్టు 19న బెల్కా, స్ట్రెల్కా కక్ష్యలోకి వెళ్ళి మర్నాడు క్షేమంగా దిగాయి. స్ట్రెల్కా కూన పుషింకా 1961లో అమెరికా అధ్యక్షుడు కెనెడీ కూతురికి కానుకగా వెళ్ళింది. లైకాకూ వీటికీ మధ్య మూడేళ్ళు కూడా లేవు. ఆ మూడేళ్ళు ఆగివుంటే లైకా బతికేది. అప్పుడు జరిగిన తప్పు ఏమిటో ఈ ఒక్క లెక్క చెబుతుంది.

ఫ్రాన్స్ 1963 అక్టోబరు 18న అల్జీరియా ఎడారి నుంచి ఫెలిసెట్ అనే పిల్లిని పంపింది. అది క్షేమంగా దిగింది. రెండు నెలల తర్వాత దాని మెదడును పరీక్షించడానికి చంపేశారు. దానికి విగ్రహం పెట్టడానికి లోకానికి 2019 దాకా తీరలేదు. 1968 సెప్టెంబరులో జోండ్-5లో రెండు తాబేళ్ళు చంద్రుణ్ణి చుట్టి వచ్చాయి. మనిషి కంటే ముందు చంద్రుడి దాకా పోయి వచ్చిన తొలి జీవుల్లో అవి ఉన్నాయి. వాటి పెట్టె హిందూ మహాసముద్రంలో పడింది. సోవియట్ ఓడ దాన్ని తీసి బొంబాయి రేవులో దించింది, అక్కడి నుంచి విమానంలో మాస్కో చేరింది. చంద్రుణ్ణి చుట్టొచ్చిన తాబేళ్ళు తొలిసారి ఒడ్డుకు చేరింది మన దేశంలో. శీతాకాలంలో గుడ్లు పెట్టడానికి మా తీరానికి వచ్చే సముద్రపు తాబేళ్ళను చూసినప్పుడల్లా నాకు అవి గుర్తొస్తాయి. ఇంత దూరం వెళ్ళివచ్చిన ఆ రెండింటినీ మాస్కోలో కోసి పరీక్షించారు.

మన కోతులు

ఈ కథలో మనకు పాత్ర లేదనుకోవద్దు. 1950లలో పోలియో టీకా కోసం, ఇతర ప్రయోగాల కోసం అమెరికాకు ఏటా లక్షకు పైగా కోతులు మన దేశం నుంచే ఓడలెక్కాయి, విమానాలెక్కాయి. 1959 మే 28న ఏబుల్, బేకర్ అనే రెండు కోతుల్ని అమెరికా ఒకే రాకెట్‌లో పంపింది. ఆ ప్రయోగానికి భారతదేశంలో పుట్టిన కోతిని పంపితే, హనుమంతుణ్ణి కొలిచే జనం మనసు నొచ్చుకుంటుందని అమెరికా జంకింది. అక్కడే కేన్సస్ రాష్ట్రంలో పుట్టిన ఏబుల్‌ను ఎంచుకున్నారు. ఏబుల్ తిరిగొచ్చింది గానీ, ఒంటిలో అమర్చిన ఎలక్ట్రోడ్ తీయడానికి మత్తిచ్చినప్పుడు నాలుగు రోజులకే చనిపోయింది. బేకర్ 1984 దాకా బతికింది. అమెరికాలోని హంట్స్‌విల్‌లో దాని సమాధి మీద ఇప్పటికీ జనం అరటిపండ్లు పెట్టి వెళతారు. మన ఊళ్ళో కోతికి గుడి కట్టినవాళ్ళకు ఆ అరటిపండు అర్థం కావడానికి వ్యాఖ్యానం అక్కర్లేదు.

అయితే అమెరికాకు వచ్చిన ఆ జంకు మనకు ఎంతకాలానికి వచ్చింది? ఏటేటా లక్ష కోతుల్ని బోనుల్లో ఎక్కించినప్పుడు మనం హనుమంతుణ్ణి గుర్తు తెచ్చుకోలేదు. కళాక్షేత్ర స్థాపించిన రుక్మిణీదేవి అరండేల్ 1950లలోనే రాజ్యసభలో జంతుహింస నివారణ బిల్లు పెట్టారు. ఆ కృషి ఫలితంగానే 1960లో చట్టం వచ్చింది. శాస్త్రం కోసం ప్రయోగం చేయవచ్చు, కానీ అనవసరమైన బాధ పెట్టకూడదు, దాన్ని చూసుకోడానికి ఒక కమిటీ ఉండాలి అన్నది ఆ చట్టం మాట. కోతుల ఎగుమతి పూర్తిగా ఆగింది మాత్రం 1978లో, మొరార్జీ దేశాయ్ ప్రభుత్వం నిషేధించాక. వాటిని అణ్వాయుధ పరిశోధనల్లో వాడుతున్నారన్న వార్త అందుకు కారణమైంది.

రెండు వైపుల మాట

పంపినవాళ్ళ వాదనను తేలిగ్గా తీసిపారేయకూడదు. 1950లలో మంచి వైద్యులే అనుకున్నారు: బరువులేని చోట మనిషి మింగలేకపోవచ్చు, గుండె ఆగిపోవచ్చు, మతి చెదరవచ్చు అని. రాకెట్ వేగంలో ఒంటి మీద పడే బరువును, పైనుండే కిరణాల తాకిడిని ఎవరూ అనుభవించి చూడలేదు. లైకా గుండె లయ కక్ష్యలో మెల్లగా సర్దుకుందన్న సంగతి 1961 ఏప్రిల్ 12న గగారిన్ ఎక్కడానికి వేసిన మెట్లలో ఒకటి. ఈ లాభాన్ని కాదనలేం.

కానీ ఆ లాభానికి లైకా చావడం అవసరమా? దీనికి జవాబు చెప్పే అర్హత ఉన్నవాళ్ళలో ఒలెగ్ గజెంకో ఒకరు. దానికి శిక్షణ ఇచ్చింది ఆయనే. 1998లో, వయసు మళ్ళాక, ఆయన తన పశ్చాత్తాపాన్ని బయటపెట్టారు. ఆ ప్రయోగం నుంచి నేర్చుకున్నది ఆ చావుకు తగినంత లేదని ఒప్పుకున్నారు. ప్రత్యర్థి అన్న మాట కాదు, దాన్ని స్వయంగా సిద్ధం చేసినవాడు అన్న మాట. నా దృష్టిలో ఈ చర్చలో అన్నిటికంటే బరువైన సాక్ష్యం ఇదే.

ఇక్కడ మా నెల్లూరు మనిషి ఒకాయన్ని పిలవాలి. తిక్కన సోమయాజి. మహాభారతంలో పదిహేను పర్వాలను తెలుగు చేసిన ఆయన చేతి మీదుగానే మహాప్రస్థానిక పర్వం మనకు వచ్చింది. భార్య, తమ్ములు దారిలో పడిపోయాక ధర్మరాజు వెంట మిగిలింది ఒక్క కుక్క. ఇంద్రుడు రథం తెచ్చి ఎక్కమంటాడు. కుక్కకు స్వర్గంలో చోటులేదంటాడు. నన్ను నమ్మి వెంట వచ్చినదాన్ని వదిలి నేను ఎక్కనని ధర్మరాజు రథం ముందే ఆగిపోతాడు. ఆ కుక్క యమధర్మరాజేనని తర్వాత తెలుస్తుంది. కానీ 'ఎక్కను' అన్నప్పుడు ధర్మరాజుకు ఆ సంగతి తెలియదు. ఆ క్షణంలో అది ఒట్టి కుక్కే. అందుకే ఆ మాటకు అంత విలువ.

1957లో ఈ కథ తిరగబడింది. రథం ఎక్కింది కుక్క. కింద నిలబడింది మనిషి. దాన్ని నమ్మించి ఎక్కించింది కూడా మనిషే. నమ్మి వెంట వచ్చిన జీవితో మనిషి వ్యవహారం ఎలా ఉండాలో చెప్పడానికి మనం ఎవరి దగ్గరా అరువు తెచ్చుకోనక్కర్లేదు. పెన్న ఒడ్డున ఏడు వందల ఏళ్ళకు ముందే అది తెలుగులో రాసి ఉంది.

దాన్నిబట్టి నేను ఒక నియమం చెప్పుకుంటాను. జీవిని పంపక తప్పని పరిస్థితి ఉంటే, ముందు దాని తిరుగుదారి కట్టాలి. అది పంపేవాళ్ళ దయ మీద ఆధారపడకూడదు. యంత్రంలోనే ఉండాలి, పరీక్షించి ఉండాలి. తిరుగుదారి లేనప్పుడు ఆగడమే శాస్త్రం. ఆగినందువల్ల శాస్త్రం ఓడిపోదని బెల్కా, స్ట్రెల్కా సాక్ష్యం చెబుతున్నాయి.

అలసంద గింజలు, వ్యోమమిత్ర

ఈ నియమంతో మన శ్రీహరికోటను కొలిస్తే ఏం కనబడుతుంది? డిసెంబరు 30 రాత్రి నేను చూసిన రాకెట్‌లో ఎనిమిది అలసంద గింజలున్నాయి. పీఎస్‌ఎల్‌వీ నాలుగో దశను కక్ష్యలోనే ప్రయోగశాలగా వాడుకునే 'పోయెమ్' ఏర్పాటులో, మూసిన చిన్న పెట్టెలో వాటిని పంపారు. ఆ రాత్రే ఇంటికి వెళ్ళి నేను కూడా ఎనిమిది గింజలు నానబెట్టాను. పొద్దున నీళ్ళు వంచి తడిగుడ్డలో మూటకట్టాను. రెండో రోజుకు తెల్లటి మొలక వంకీ తిరిగి బయటికి వచ్చింది. గుడ్డను ఎటు తిప్పి పెట్టినా వేరు కిందికే మళ్ళింది. వేరు కొసలో ఉండే పిండి రేణువులు బరువుకు అడుగున పేరుకుని, కింద ఎటో దానికి చెబుతాయట. పైన ఆ పెట్టెలో 'కింద' అనేదే లేదు. అయినా నాలుగు రోజుల్లో మొలకెత్తాయని ఇస్రో ఫొటో చూపింది. తర్వాత రెండాకులు విచ్చుకున్నాయి. ఆ నాలుగో దశ 2025 ఏప్రిల్ 4న హిందూ మహాసముద్రం మీద వాతావరణంలోకి జారి ముగిసిపోయింది.

అవీ తిరిగి రాలేదు కదా అని అడగవచ్చు. అడగాలి కూడా. నా జవాబు ఇది: గింజ భయపడదు. లైకా గుండె 240కి పెరగడానికి కారణమైనది గింజలో లేదు. బాధ తెలిసే జీవి బదులు బాధ తెలియని జీవిని పంపడం ఒక మెట్టు ఎక్కడమే.

మన దేశం మనుషుల్ని అంతరిక్షానికి పంపే గగన్‌యాన్‌లో వాళ్ళు ఎక్కకముందు పరీక్షా ప్రయాణంలో కూర్చోబోయేది కోతీ కుక్కా కాదు, వ్యోమమిత్ర. ఆడమనిషి రూపంలో ఉన్న రోబో. 2020 జనవరిలో బెంగళూరులో దాన్ని మొదటిసారి చూపించారు. పెట్టెలో గాలి, వేడి, ఒత్తిడి ఎలా మారుతున్నాయో అది కనిపెట్టి చెబుతుంది. లైకా తన ఒంటితో చెప్పిన సంగతులను ఇది యంత్రంతో చెబుతుంది. ఎలక్ట్రానిక్స్ అప్పుడు ఇంత ఎదగలేదని సమర్థించుకోవచ్చు, నిజమే. కానీ ఇప్పుడు ఎదిగింది కాబట్టి, ఆ పాత దారికి మళ్ళీ పోవడానికి ఎవరికీ సాకు లేదు.

జీవులు పూర్తిగా లేకుండా పోలేదు. ధార్వాడ వ్యవసాయ విశ్వవిద్యాలయం గగన్‌యాన్ కోసం పండ్ల ఈగల పెట్టె తయారు చేసింది. పైన మూత్రపిండాల్లో రాళ్ళు ఎందుకు పెరుగుతాయో వాటి ద్వారా తెలుసుకోవాలని. 2025 జూన్ 25న శుభాంశు శుక్లా అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి బయల్దేరినప్పుడు ఆయన ప్రయోగాల్లో కంటికి ఆనని టార్డిగ్రేడ్‌లు, పెసలు, మెంతులు ఉన్నాయి. 1947లో మొదలైన చోటికే, ఆ చిన్న ఈగ దగ్గరికే, మళ్ళీ వచ్చామన్నమాట. ఈగకు బాధ ఎంత తెలుస్తుందన్నది శాస్త్రంలో ఇంకా నడుస్తున్న చర్చ. ఆ చర్చను మనం వదిలెయ్యకూడదు. చిన్నదైనంత మాత్రాన లెక్కలోకి రాదనుకోవడం నుంచే వీధికుక్క లెక్కలోకి రాకపోవడం మొదలవుతుంది.

మనం గియ్యాల్సిన కథ

సోవియట్ పుస్తకాలు మన తెలుగు ఇళ్ళలో ఒక తరాన్ని పెంచాయి. ఉప్పల లక్ష్మణరావు వంటివాళ్ళు మాస్కోలో కూర్చుని తెలుగు చేసినవి, విశాలాంధ్ర దుకాణాల్లో చవగ్గా దొరికేవి. ఆ పుస్తకాల మధ్య పెరిగినవాళ్ళకు లైకా ఒక వీరురాలు. 'చందమామ' 1947 జులై నుంచి మనకు బొమ్మతో కథ చదవడం నేర్పింది. వడ్డాది పాపయ్య, చిత్ర, శంకర్ గీసిన జంతువులు మాట్లాడేవి, నీతి చెప్పేవి. చిన్నయసూరి 'నీతిచంద్రిక' నాటి నుంచి మన కథల్లో జంతువు పని అదే, మనిషికి బుద్ధి చెప్పడం. లైకా కథ ఆ అచ్చులో ఒదగదు. అది మాట్లాడదు, నీతి చెప్పదు. దాని మౌనాన్ని మౌనంగానే చూపించే బొమ్మ కావాలి. మన చిత్రకారులకు ఆ చెయ్యి ఉంది. శ్రీకాళహస్తిలో సాలెపురుగుకు, పాముకు, ఏనుగుకు దేవుడి పక్కన చోటిచ్చిన ప్రాంతం ఇది. 1973లో అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్‌లో గూడు అల్లిన అరబెల్లా అనే సాలెపురుగు కథ మన పిల్లలకు చెబితే, వాళ్ళు దాన్ని పరాయిదనుకోరు.

ఆ పుస్తకం రాకెట్ దగ్గర మొదలు కాకూడదు. అబాడ్జిస్ మంచులో నడిచే ఖైదీతో మొదలుపెట్టినట్టు, మనవాళ్ళు పులికాట్ నీళ్ళతో, శ్రీహరికోట అడవితో మొదలుపెట్టాలి. 1971లో తొలి రోహిణి రాకెట్ లేవకముందు ఆ దీవిలో తేనె తీస్తూ, దుంపలు తవ్వుకుంటూ బతికిన యానాదులను మొదటి పేజీల్లోనే చూపించాలి. వాళ్ళు అడవిని వదిలి పక్కకు జరిగాకే అక్కడ ప్రయోగవేదిక లేచింది. ప్రయోగం రోజున రాకెట్ దారిలోని సముద్రం మీదికి పడవ పోకూడదు. ఆ పూట వేట మానుకునే మత్స్యకారుడు కూడా ఆ కథలో ఉండాలి. ఎత్తుకు ఎగిరే ప్రతిదానికీ కింద ఎవరో కొంత వదులుకుంటారు. ఆ వదులుకున్నదాన్ని పేరుతో సహా గియ్యడం బొమ్మల నవలకు చేతనైన గొప్ప పని.

ఆ పుస్తకంలో నేను తప్పక చూడాలనుకునే పేజీలు కొన్ని ఉన్నాయి. మన దేశం మనిషిని పంపాలని తలపెట్టాక ముందుగా నేర్చుకున్నది దింపడం. 2007 జనవరిలో పంపిన చిన్న పెట్టెను 12 రోజుల తర్వాత బంగాళాఖాతంలో దింపి తెచ్చుకుంది. 2014 డిసెంబరు 18న మనుషులు కూర్చోదగ్గ పెట్టె నమూనాను అండమాన్ దగ్గర నీళ్ళలోంచి తీసింది. 2018 జులై 5న వేదిక మీదే ప్రమాదం జరిగితే ఎలా తప్పించుకోవాలో పరీక్షించింది. 2023 అక్టోబరు 21 ఉదయం పది గంటలకు శ్రీహరికోటలో ఒక చిన్న రాకెట్ లేచింది. నడి ఆకాశంలో ప్రమాదం వచ్చినట్టు భావించి పెట్టె విడిపోయింది, పారాచూట్లు విచ్చుకున్నాయి, తీరానికి పది కిలోమీటర్ల దూరంలో అది సముద్రంలో దిగింది. నౌకాదళం వెళ్ళి తెచ్చింది.

దాన్ని ఒడ్డుకు తెచ్చి తలుపు తెరిస్తే లోపల ఎవరూ లేరు. కుక్క లేదు, కోతి లేదు, మనిషి లేడు. తిరిగొచ్చే దారి ఉందో లేదో తేలేదాకా ఆ సీటు ఖాళీగానే ఉండాలి. అక్కడ ఎవరైనా కూర్చోబోయే రోజున కృష్ణపట్నం ఒడ్డున నేనూ ఉంటాను. లేచేది చూసి ఇంటికి పోను.